పేరు చెక్కిన బ్యాటరీ

మా కారుకున్న జబ్బల్లా ఒక్కటే, డైనమో కాలిపోయింది. మిగతా ఒళ్ళంతా నిక్షేపంలా ఉండేది. ఇంజను మంచిది, చక్రాలు మంచివి, పైన గుడ్డ టాపు కూడా ఒక మూల తప్ప ఎక్కడా చిరగలేదు. ఒక్క ముక్క కాలిపోయినందుకు ఒక మనిషి బతుకే మారిపోవాలా అని ఇన్నేళ్ళ తరవాత కూడా నాకు ఉడుకుమోత్తనం వస్తూనే ఉంటుంది.

నా చదువు వీధిబడిలో రెండో పుస్తకంతో సరి. మోటారు సంగతులు నాకెవరు నేర్పుతారు? కాని మావారు అన్నం తింటున్నా అవే మాటలు, నీళ్ళు పోసుకుంటున్నా అవే మాటలు. వినగా వినగా పప్పు ఎలా ఉడుకుతుందో తెలిసినట్టే కారు ఎలా నడుస్తుందో కూడా తెలిసిపోయింది. బండికి పెట్రోలు ఒక్కటే చాలదు. ఆ పెట్రోలు ఆవిరి లోపల అంటుకోవడానికి నిప్పురవ్వ కావాలి. ఆ రవ్వ బ్యాటరీలోంచి వస్తుంది. ఖర్చయిన బ్యాటరీని ఇంజనుతోపాటు తిరిగే డైనమో మళ్ళీ నింపుతూ ఉంటుంది. ఎసరు మరిగి ఇగిరిపోతుంటే ఇంకో చేత్తో నీళ్ళు పోస్తూ ఉండటం లాంటిదన్నమాట. మా బండికి ఆ పోసే చెయ్యి పడిపోయింది. కొత్త డైనమో మద్రాసు నుంచి రావాలన్నారు. దసరా వెళ్ళింది మొదలు, అదిగో వస్తోంది, ఇదిగో వస్తోంది అనడమే.

మా అత్తవారిది ఏలూరులో బట్టల వ్యాపారం. మామగారు కొట్లో పరుపు మీద కూర్చుంటే సాయంత్రం దాకా లేవని మనిషి. మావారికి ఆ పరుపు ముళ్ళపరుపులా ఉండేది. గుడ్డ కొలిచి చింపే చప్పుడు వింటే తలనొప్పి వస్తుందనేవారు. ఒక జమీందారు గారి దివాణంలో వాడి వదిలేసిన కారును పోరి పోరి కొనిపించుకుని, బాడుగకి తిప్పడం మొదలెట్టారు. పెళ్ళివారు, ఆసుపత్రికి వెళ్ళేవారు, కొల్లేటి పక్క చెరువులూ పొలాలూ చూసుకోవడానికి వెళ్ళే ఆసాములు. స్టీరింగు ముందు కూర్చుంటే మావారి మొహమే వేరుగా ఉండేది. ఇంట్లో మాట్లాడని మనిషి దార్లో ఎదురైన గేదెలతో కూడా మాట్లాడేవారు.

డైనమో పోయిన సంగతి తెలిసి మామగారు ఒకటే మాట అన్నారు.

“మాఘం పెళ్ళిళ్ళు అయ్యేదాకా చూస్తానురా. మాట పడకుండా బండి నడిపావా, నీ బండి నీది. ఒక్క పెళ్ళివారు వచ్చి నా కొట్టు ముందు నిలబడి నలుగురిలో అడిగారా, ఇంక బండి లేదు, ఏమీ లేదు. వచ్చి నా పక్కన కూర్చో.”

కొట్టు పరువు గురించి ఆయన బెంగ. అది తప్పని నేననను. బట్టల కొట్టుకి పెళ్ళివారే కదా ప్రాణం.

డైనమో లేకుండా బండి నడపడానికి మావారు ఒక దారి కనిపెట్టారు. ఏలూరులో ఒకాయన ఇంజను పెట్టి బ్యాటరీలు నింపేవాడు. ఆయన బావమరిది తాడేపల్లిగూడెంలో ఒక బియ్యం మిల్లు పక్కన, మిల్లు ఇంజనుకే ఇంకో తోలు బెల్టు తగిలించి అదే పని చేసేవాడు. ఇద్దరి దగ్గరా నింపిన బ్యాటరీలు నాలుగు వరసగా పెట్టి ఉండేవి. ఖాళీది అక్కడ పెట్టి నిండుది పుచ్చుకుని వెళ్ళిపోవడమే. నిండేదాకా కూర్చోనక్కర్లేదు. ఏలూరులో ఎక్కించిన బ్యాటరీ పగటిపూట గూడెం దాకా హాయిగా లాగేది. గూడెంలో మార్చుకుంటే మళ్ళీ ఏలూరు.

“చూశావా, ఇంక డైనమో ఎందుకసలు? మెయిలు బళ్ళకి ఎడ్లు మార్చినట్టు మార్చుకుపోవడమే. మద్రాసు వాణ్ణి రావద్దని రాసేస్తాను,” అన్నారు మావారు మొదటి రోజు వచ్చి. ఆ రోజు అన్నం కూడా మారు వడ్డించుకున్నారు.

మారు వడ్డించుకున్నది ఆ ఒక్క రోజే.

ఎడ్లయితే పట్టుకొచ్చి కాడికి కడితే సరి. బ్యాటరీ అలా కాదు. అది ముందు సీటు కింద, చెక్కలకి దిగువన ఉండేది. మార్చాలంటే సీట్లో కూర్చున్నవాళ్ళు దిగాలి, సీటు తియ్యాలి, చెక్క ఎత్తాలి. పట్టుచీర కట్టుకున్న పెద్దావిడ మిల్లు దొడ్లో ఊక మధ్య నిలబడి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, “ఏం బాబూ, గుర్రానికి గడ్డి వెయ్యడం ఇంకా అవలేదా?” అనేది. ఒక బ్యాటరీ పొడుగుగా ఉంటే చెక్క మూతపడేది కాదు. ఇంకోదానికి తీగె తగిలించే బొడిపెలు అటుది ఇటు ఉండేవి. ఇటు తీగె అటు అందేది కాదు. దాని బరువు సంగతి చెప్పనే అక్కర్లేదు, నిండు బిందెలు రెండు ఒకే చేత్తో ఎత్తినట్టు ఉండేది. ఎత్తేటప్పుడు కాస్త ఒలికిందా, ఆ యాసిడ్ పడిన చోట పంచె వెంటనే ఏమీ అయ్యేది కాదు. చాకలి రేవుకి వెళ్ళి వచ్చాక జల్లెడ అయ్యేది. “మీ అబ్బాయిగారి పంచెలు నేను చింపడం లేదమ్మగోరూ, నా బిడ్డల మీద ఒట్టు,” అని చాకలామె మా అత్తగారి ముందు ఏడ్చింది.

ఇవన్నీ పడొచ్చు. అసలు బాధ వేరు. మాది కొత్త బ్యాటరీ. కారు కొన్న ఏడాదే కొన్నది. దాన్ని అక్కడ పెట్టి తెచ్చుకున్నది ఎవరి ఇంటి ముసలిదో. నింపినప్పుడు రెండూ ఒకలాగే కనిపిస్తాయి. కొత్తది గూడెం దాకా వెళ్తే, ముసలిది భీమడోలు దాటకుండానే దగ్గడం మొదలెట్టేది. మావారు వెళ్ళి అడిగితే ఏలూరు బ్యాటరీల కొట్టాయన నవ్వేవాడు.

“ఏదైతేనేమండీ? కరెంటు కరెంటే కదండీ. కాలవలో నీళ్ళు మీవని ఒకటి, మావని ఒకటి ఉంటాయాండీ?”

“నీళ్ళ సంగతి కాదయ్యా, బిందె సంగతి. మా కొత్త బిందె ఏదీ?”

“ఎక్కడో తిరుగుతూ ఉంటుందండీ. రేపో మాపో మీ దగ్గరికే వస్తుంది. మనమంతా ఒక ఊరివాళ్ళం కాదాండీ?”

మావారు ఇంటికొచ్చి ఇది చెప్తుంటే బిందె అన్నమాట మా అత్తగారి చెవిన పడింది. ఆవిడ వీధరుగు మీద మినప్పప్పు చెరుగుతోంది. చాట ఆపేసింది.

“ఒరే, ఇందులో ఇంత ఆలోచన దేనికిరా?” అంది. “మన గంగాళాలు ఎన్ని పెళ్ళిళ్ళకి వెళ్ళలేదు? ఎప్పుడైనా తప్పిపోయాయా? పేరు చెక్కించి ఉంటే చచ్చినట్టు తెచ్చి ఇస్తారు. దానిమీద మీ నాన్నగారి పేరు చెక్కించెయ్.”

మా వైపు ఇత్తడిసామాను పేరు లేకుండా గుమ్మం దాటదు. చెంబు దగ్గర్నుంచి గాబు దాకా ఇంటిపేరూ మనిషి పేరూ చుక్కలు చుక్కలుగా పొడిపించి ఉంటుంది. పెళ్ళిలో ఏ ఇంటి గరిటె ఏ ఇంటి గుండిగలో పడ్డా, మర్నాడు పేరు చూసి ఎవరిది వాళ్ళకి పంపుతారు. బ్యాటరీ కూడా చేతులు మారే సామానే కదా. ఆవిడకి అలా తోచడంలో వింతేమీ లేదు. మాకెవరికీ వింతగా అనిపించలేదు కూడా. మావారైతే, “అమ్మకి వచ్చిన తెలివి నాకు రాలేదే,” అని తొడ మీద చరుచుకున్నారు.

ఆయన అంతటితో ఊరుకోలేదు. గూడెంలో మిల్లు దగ్గర ఒక పగలంతా కూర్చుని, వచ్చిన ప్రతి కారు సీటూ ఎత్తించి చూసి, మా బ్యాటరీని వెతికి పట్టుకున్నారు. పక్కన మూలగా ఒక తెల్లమచ్చ ఉండేది దానికి. తప్పిపోయిన దూడని తోలుకొచ్చినంత సంబరంగా ఇంటికి తెచ్చారు.

వీధుల వెంట “గిన్నెలకి పేర్లు పొడుస్తాం” అని కేక వేసుకుంటూ వచ్చే సాయిబుగారిని పిలిపించారు. తెల్లటి గడ్డం, మెత్తటి మాట. మా ఇంట్లో సగం సామాను మీది అక్షరాలు ఆయనవే. బ్యాటరీ చూసి ఆయన గడ్డం నిమురుకున్నారు.

“అమ్మగారూ, ఇది ఇత్తడి కాదండీ, రాగీ కాదండీ. నల్లగా ఉంది. రాయో కొయ్యో తెలీడం లేదండీ.”

“రబ్బరట సాయిబుగారూ, గట్టి రబ్బరు. రబ్బరు మీద ఉలి ఇంకా హాయిగా దిగుతుంది కదా?” అంది మా అత్తగారు.

“దిగుతుందేమో లెండి. మీరు చెప్పినట్టే.”

అరుగు మీద గోనెపట్టా పరిచి, దాన్ని పక్కకి ఒరిగించి, చిన్న సుత్తితో టిక్కు టిక్కుమని మొదలెట్టారు. పైపై గీత కాదు, మా అత్తగారు లోతుగా చెక్కమంది, ఎవరూ అరగదీయలేకుండా. మామగారి ఇంటిపేరులో మొదటి అక్షరం, ఆయన పేరు, కింద ఊరి పేరు. మిగిలిన జాగాలో సాయిబుగారే మనసుపడి ఒక చిన్న పువ్వు కూడా వేశారు. అయ్యాక తడిగుడ్డతో తుడిస్తే ఎంత అందంగా ఉందో! మామగారు కూడా కొట్టు నుంచి వచ్చి చూసి, “ఊఁ, బాగానే ఉంది,” అన్నారు. ఆయన నోట ఆ మాట రావడమంటే మావారికి సన్మానం చేసినంత.

ఈ మాట ఊళ్ళోకి పొక్కింది. ఏలూరులో కార్లున్నవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే. వాళ్ళందరికీ ఇదే దుగ్ధ ఉంది, మా కొత్తది పోయి పాతది వచ్చిందని. ప్లీడరుగారు చెక్కించారు. డాక్టరుగారు చెక్కించారు. రేవు దగ్గర లారీ తిప్పే ఆసామి ఎర్రరంగు కూడా పూయించాడు. సాయిబుగారు మా వీధికి వచ్చినప్పుడల్లా, “మీ చలవేనమ్మగారూ, ఇప్పుడు గిన్నెలకంటే ఇవే ఎక్కువ వస్తున్నాయి,” అని నవ్వి వెళ్ళేవారు.

అప్పటినుంచి మొదలైంది అసలు విసుగు. పేరున్న వస్తువు పేరున్నవాడికే ఇవ్వాలి కదా! మావారు గూడెం వెళ్ళి మా బ్యాటరీ ఇస్తే, మిల్లు ఆయన దాన్ని నింపి మాకే ఇవ్వాలి. నిండేదాకా ఎవరు కూర్చుంటారు? మావారే కూర్చోవాలి. మార్చుకుపోవడం పోయి కాచుకోవడం వచ్చింది. వరసగా పెట్టిన బ్యాటరీలు కళ్ళ ముందు నిండి ఉండేవి, ఒక్కటీ ముట్టుకోవడానికి లేదు. ఒకటి ప్లీడరుగారిది, ఒకటి డాక్టరుగారిది, ఒకటి తణుకు నుంచి వచ్చే షావుకారుది.

“మూడు రోజులుగా ఇక్కడే ఉంది కదయ్యా డాక్టరుగారిది. ఇవాళ్టికి ఇయ్యి, రేపు తెచ్చి ఇస్తాను,” అనేవారు మావారు.

“అయ్ బాబోయ్, పేరు చూడండి సార్. ఇస్తే ఆయన నా పీక పట్టుకుంటారు. ఇదివరకైతే ఎవరిదో తెలీదు కాబట్టి ఎవరికైనా ఇచ్చేవాణ్ణి. ఇప్పుడెలాగండీ?”

ఇంటికొచ్చి మావారు ఇది చెప్తే మా అత్తగారు, “చూశావా, ఎంత నమ్మకంగా ఉన్నాడో! ఇంక మనది ఎక్కడికీ పోదు,” అని మురిసిపోయేది. ఆవిడకి ఏమని చెప్తాం? నేను వంటింట్లో గిన్నెలు కాస్త గట్టిగా పెట్టేదాన్ని, అంతే.

మాఘమాసం వచ్చింది. మా అత్తగారి వేలువిడిచిన చెల్లెలి కూతురి పెళ్ళి. పెళ్ళి పెంటపాడులో. పెళ్ళికొడుకుది కొల్లేటి ఒడ్డున ఒక లంక ఊరు. పెళ్ళయిన మర్నాడు పొద్దున్న అప్పగింతలు, ఆ మధ్యాహ్నం వర్జ్యం రాకుండా పిల్ల అత్తవారింట్లో కుడికాలు పెట్టాలి. మిగతావాళ్ళు రైల్లోనూ బళ్ళలోనూ వెనక వస్తారు. పెళ్ళికూతుర్నీ పెళ్ళికొడుకునీ మాత్రం మావారు కార్లో తీసుకెళ్ళాలి. పిల్లకి తోడు నేను. రెండు వైపులవాళ్ళూ బట్టలు మా కొట్లోనే తీశారు. మామగారు గృహప్రవేశం భోజనానికి నేరుగా ఆ లంక ఊరికే వస్తానన్నారు. అంటే ఆయన కళ్ళ ముందే కారు దిగాలి.

పెళ్ళిరోజు సాయంత్రం పెంటపాడు వెళ్తూ మావారు గూడెంలో మా బ్యాటరీ నింపడానికి పెట్టారు. రాత్రంతా ఉంటుంది కాబట్టి నిండా నిండుతుంది. ఈ లోగా పెంటపాడు వెళ్ళిరావడానికి మిల్లు ఆయన మూలనున్న ఒక పాతదాన్ని అరువిచ్చాడు. దానిమీద ఎవరి పేరూ లేదు. ఒక పక్క తారు పూసి ఉంది. “దీనికి దిక్కూ మొక్కూ లేదండీ, దగ్గర దూరమైతే లాగుతుంది,” అన్నాడు.

మర్నాడు పొద్దున్నే అప్పగింతలయ్యాయి. పిల్ల ఏడ్చింది, వాళ్ళమ్మ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. కారెక్కాం. వెనక సీట్లో పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు, నేను. ముందు మావారి పక్కన పెళ్ళికొడుకు మేనమామ. ఆయన కారెక్కడం అదే మొదలు. హారను మీట ఎక్కడుందో చూపించమని అడిగి, పెంటపాడు దాటకుండానే దాని రుచి మరిగాడు.

గూడెం మిల్లు దొడ్లో ఆగాం. మావారు దిగి లోపలికి వెళ్ళారు. ఎంతకీ రాలేదు. నేను పిల్లకి మంచినీళ్ళిచ్చే వంకతో దిగి వెళ్ళి చూశాను. మా బ్యాటరీ బల్ల మీద ఉంది. బల్ల కిందంతా తడి, చెక్క తెల్లగా పొంగిపోయి ఉంది.

“పొద్దున్న వచ్చేసరికి ఇదండీ వరస,” అంటున్నాడు మిల్లు ఆయన. “ఎంత నింపినా నిలవదు. అదిగో చూడండి, ఎక్కణ్ణించి కారుతోందో.”

మామగారి పేరులోంచి కారుతోంది. లోతుగా చెక్కిన గీతలో వెంట్రుకంత బీట. అక్కణ్ణించి పువ్వు దాకా పాకింది. బొట్టు బొట్టుగా దిగుతోంది. మావారు దాన్ని వేలితో ముట్టుకుని, ఆ వేలు పంచెకి తుడుచుకున్నారు. ఒలికినందుకే కాదు, ఇలా తుడుచుకోవడం వల్ల కూడా పంచెలు చిరుగుతున్నాయని నాకప్పుడు తెలిసింది.

“సరే, ఇంకోటి ఇయ్యి,” అన్నారు.

“ఏది ఇవ్వమంటారండీ?”

వరస నిండా బ్యాటరీలే. ప్రతిదానికీ పేరే.

“చూడు బాబూ, బయట పెళ్ళికూతురుంది. వర్జ్యం లోపల చేరాలి. డాక్టరుగారితో నేను మాట్లాడతాను. ఆయన కాదనరు.”

“మీరు మాట్లాడతారండీ, నన్ను కొడతారండీ. మొన్న లారీ ఆయనది ఒక గంట వేరేవాళ్ళకిచ్చాడని ఏలూరులో మా బావ మీద చెయ్యి చేసుకున్నంత పని చేశాడు. పేరు మొదట చెక్కించింది మీరే కదండీ? మీకే తెలియాలి మరి.”

ఆ మాటకి మావారి మొహం చూడలేకపోయాను. నాకైతే ఆ వరసలోంచి ఒకటి ఎత్తుకుని పారిపోవాలనిపించింది. ఎత్తగలిగితే కదా!

చివరికి అరువు తెచ్చిన ఆ పేరులేని దాన్నే తీసి కాసేపు నింపమన్నారు. మిల్లు ఇంజను దడదడలాడుతోంది, ఊక ఎగిరి పెళ్ళికూతురి బాసికం మీద పడుతోంది, పెళ్ళికొడుకు గడియారం చూసుకుంటున్నాడు. మేనమామ దిగి మిల్లంతా తిరిగి చూసి వచ్చి, “ఏవండీ డ్రైవరుగారూ, దీని కడుపు నిండేలోగా మేం ఇంకో పెళ్ళి చేసుకు రావచ్చాండీ?” అన్నాడు. అందరూ నవ్వారు. మావారూ నవ్వారు పాపం.

సగం నిండిందో లేదో, బయల్దేరాం. మావారు మేనమామ వైపు తిరిగి, “బాబాయిగారూ, హారను కాస్త చూసి వాడండి, బ్యాటరీ తినేస్తుంది,” అన్నారు.

“అదేమిటండీ, పెళ్ళికారు నోరు మూసుకు వెళ్తుందా? ఊళ్ళవాళ్ళకి తెలియద్దూ?”

పెళ్ళికొడుకు మేనమామని ఇంతకన్నా ఏమంటాం? ప్రతి ఊరి మొదట్లోనూ హారను, చివర్లోనూ హారను. ఆవు కనిపిస్తే హారను, బడిపిల్లలు కనిపిస్తే ఇంకా గట్టిగా హారను. అది మోగినప్పుడల్లా మావారి భుజాలు ముడుచుకోవడం వెనకనుంచి నాకు కనిపిస్తూనే ఉంది.

ఏలూరు చేరాం. బ్యాటరీల కొట్టాయన వీధిలోనే నిలబడి ఉన్నాడు. మావారు బండి ఆపకుండానే అడిగారు, ఆపితే మళ్ళీ అంటుకోదని భయం.

“నిండుది ఏదైనా ఉందాండీ? గంటలో తెచ్చి ఇస్తాను.”

“మార్పిడి మానేశానండీ బాబూ, ఆ పేర్ల గోల పడలేక. ఇక్కడ పెట్టి వెళ్ళండి, సాయంత్రానికి మీది మీకు నింపి ఇస్తాను.”

సాయంత్రానికి! మావారు బండి ముందుకి పోనిచ్చారు.

ఊరు దాటి కొల్లేటి వైపు తిరిగాం. కోతలైపోయిన చేలు, తరవాత తుంగ, తరవాత నీళ్ళు. రోడ్డు సన్నటి గట్టు. అటు వందల కొంగలు, ఇటు వందల కొంగలు. ఇక్కడ ఊరు లేకపోయినా మేనమామ కొంగల కోసం హారను కొట్టాడు. అది ఈసారి మేకపిల్లలా అరిచింది. ఇంకోసారి నొక్కితే గొంతు పట్టేసినట్టు కిచ్చుమంది. తరవాత ఇంజను రెండుసార్లు ఎక్కిళ్ళు పెట్టి ఆగిపోయింది.

మావారు దిగి హేండిలు తిప్పారు. పెళ్ళికొడుకు కోటు విప్పి నెట్టాడు. మేనమామ నెట్టాడు. రవ్వ లేని ఇంజనుని ఎంత నెడితే ఏం లాభం? అవతల నీళ్ళ మీద లంక ఊరి కొబ్బరిచెట్లు కనిపిస్తూనే ఉన్నాయి. రోడ్డు చుట్టి తిరిగి వెళ్ళాలి, నడిస్తే వర్జ్యం వచ్చేస్తుంది. కనిపిస్తున్న ఊరికి చేరలేకపోవడమంత కడుపుమంట ఇంకోటి ఉండదు.

చేపలు పట్టుకునేవాళ్ళు ఇద్దరు దోనెలో వస్తూ మమ్మల్ని చూసి గట్టు పక్కకి తెచ్చారు.

“ఏటైందండీ? బండి పెట్రోలు తాగనంటోందా?” అన్నాడు ఒకతను.

“ఎక్కువ పాడి అలిసిపోయింది,” అంది పెళ్ళికూతురు, తలొంచుకునే. అప్పగింతలయ్యాక ఆ పిల్ల నోరు విప్పడం అదే. మళ్ళీ లోపల కూర్చుని మీట నొక్కి చూస్తున్న మేనమామ చెయ్యి తీసేశాడు.

“మరేం ఫర్లేదమ్మా, మీ అత్తారి దొడ్డి రేవులో దింపుతాం, రండి. కళ్ళు మూసి తెరిచేలోపు.”

నేను మావారి వైపు చూశాను. “తీసుకెళ్ళు. పిల్ల ముఖ్యం,” అన్నారు. “మీరో?” అంటే, “బండిని వదిలి ఎలా రాను?” అన్నారు. అంతే. మేం నలుగురం ఎక్కి దోనె కదిలాక వెనక్కి చూస్తే ఆయన బానెట్ తెరిచి లోపలికి వంగి ఉన్నారు. లోపల చూడటానికి ఏమీ లేదని ఆయనకీ తెలుసు.

దోనె దొడ్డి రేవుకి చేరింది. కొత్తకోడలు పెరటి గుమ్మంలోంచి రాకూడదని లోపలివాళ్ళు ఒకటే కేకలు. తడిసిన కుచ్చిళ్ళు పట్టుకుని, ఇల్లు చుట్టి, వాకిట్లోకి వచ్చి, హారతి పట్టించుకుని, కలశం తన్ని, కుడికాలు పెట్టింది పిల్ల. వర్జ్యానికి ఇంకా కాస్త వేళ ఉంది. అందరూ దోనెవాళ్ళని మెచ్చుకుని కొత్త పంచెలు పెట్టారు. అవి మా కొట్టు పంచెలే.

పందిట్లో మామగారు పెళ్ళికొడుకు తండ్రి పక్కనే కూర్చుని ఉన్నారు. ఆ పెద్దమనిషి గొంతు తగ్గించకుండానే అన్నాడు.

“కార్లో వస్తారని ఊరందరికీ చెప్పానండీ షావుకారుగారూ. పల్లకీ తెప్పించుకున్నా పోయేది. ఏవండీ, ఇలాంటిది మీ పేరు మీద తిప్పడం ఎందుకండీ?”

కోప్పడలేదు, మర్యాదగానే అడిగాడు. అదే నరకం. మామగారు తలూపారు. నన్ను పిలిచారు.

“అమ్మా, అబ్బాయేడి?”

“గట్టు మీదున్నారండీ.”

“అన్నం పంపించు,” అన్నారు.

ఆ సాయంత్రం ఎడ్లజత కట్టి కారుని ఏలూరు లాక్కొచ్చారు. మావారు స్టీరింగు పట్టుకుని కూర్చోక తప్పలేదు, లేకపోతే బండి కాలవలోకి పోతుంది. బజారు మీదుగా, మా కొట్టు మీదుగా, అందరూ చూస్తుండగానే. వెనక బండిలో నేను. ఆ వీధి అంత పొడుగుందని ఇంతకుముందు నాకు తెలియదు.

ఇంటికొచ్చాక గదిలో అడిగాను.

“ఏవండీ, మామగారికి ఒక్క మాట చెప్పచ్చుగా? బండి తప్పేమీ లేదనీ, మీ తప్పు కూడా కాదనీ. మార్చుకునేటప్పుడు బాగానే ఉంది. పేర్లు చెక్కాకే కదా ఇదంతా?”

“చెప్తే ఎవరి తప్పని చెప్పను?” అన్నారు. “మా అమ్మదనా?”

వంటింట్లో అత్తగారు కొడుక్కి ఇష్టమని కొబ్బరి తురుముతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆవిడకి ఈ సంగతి చివరిదాకా ఎవరూ చెప్పలేదు. కారు పాడైపోయిందనే అనుకుంది. ఆవిడ మీద కోపం తెచ్చుకుందామనుకుంటాను, రాదు. సాయిబుగారి మీద తెచ్చుకుందామంటే ఆయన అడిగినపని చేశారు. మిల్లు ఆయన మాట నిలబెట్టుకున్నాడు. మేనమామ ముచ్చట తీర్చుకున్నాడు. ఒక్కొక్కళ్ళదీ న్యాయమే. అందరూ న్యాయంగా ఉండబట్టి నా మొగుడి బతుకు పరుపు పాలైంది. ఎవర్నీ తిట్టడానికి లేకపోతే ఆ తిట్టు ఎక్కడికి పోతుంది? నాలోనే ఉండిపోయింది, ఇదిగో ఇవాళ మీకు చెప్తున్నాను.

ఫాల్గుణం రాకుండానే భీమవరం వైపు నుంచి ఎవరో వచ్చి కారు కొనుక్కుని ఎడ్లతోనే తోలుకుపోయారు. మావారు ఆ పూట బయటికి రాలేదు.

మర్నాడు పొద్దున్న నీళ్ళు పోసుకుని, చిల్లులు లేని పంచె వెతికి కట్టుకుని, కొట్టుకి వెళ్ళారు. నేను భోజనం క్యారేజీ తీసుకుని వెళ్ళేసరికి మామగారు పక్కకి జరిగి జాగా ఇచ్చి ఉన్నారు. ఒక రైతు తువ్వాలు గుడ్డ అడుగుతున్నాడు. మామగారు గజంబద్ద అందించారు. మావారు పుచ్చుకుని, గుడ్డ పరిచి, కొలిచి, కత్తెరతో కాస్త గంటు పెట్టి, రెండు చేతులతో సర్రుమని చింపారు. చింపేటప్పుడు కళ్ళు గట్టిగా మూసుకున్నారు.